మాంసం పక్కన పెట్టని పాలు

ఈ సాయంత్రం మా అమ్మాయి బడి సంచి దులుపుతుంటే అడుగున చిన్న స్టీలు డబ్బా ఒకటి దొరికింది, మూత లేకుండా, లోపల దానిమ్మ గింజలు ఎండి అంటుకుపోయి. మూత ఏదని అడిగితే బడిలో ఎక్కడో పోయిందని తేలిగ్గా చెప్పి ఆటకు పోయింది. అంత చిన్న మూత కోసం ఆ సంచిని నేను మళ్లీ మళ్లీ ఎందుకు దులిపానో దానికి తెలియదు. ఇంట్లో అందరూ పడుకున్నారు. నాలాగే పసిబిడ్డను ఇంట్లో వదిలి ఉద్యోగానికి పరుగెత్తిన తల్లులకైనా అది చెప్పుకోవాలనిపించి ఇలా కూర్చున్నాను.

ప్రసూతి సెలవు ముగిసి నేను ఆబిడ్స్‌లోని ఆఫీసులో మళ్లీ చేరేనాటికి పాప ఇంకా బోర్లా పడటం నేర్చుకుంటోంది. పొడిపాలు పడితే కక్కేసి, రెండుసార్లు వాంతులతో ఒళ్లంతా వాడిపోయాక, కొన్నాళ్లు తల్లిపాలు తప్ప ఏమీ వద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. ఆఫీసులో పాత ఫైళ్ల గదికి గడియ లేదు. తలుపుకు కుర్చీ అడ్డం పెట్టుకుని, ఎవరైనా తోస్తారేమోనని అటే చూస్తూ పాలు పిండి, ఐసుముక్కల మధ్య పెట్టి ఛత్రినాకలోని ఇంటికి తెచ్చి, నీళ్లలో మరిగించి తుడిచిన చిన్న స్టీలు డబ్బాల్లో పోసి మూతలు బిగించి డీప్ ఫ్రిజ్‌లో పెట్టేదాన్ని. ఈ సాయంత్రం సంచిలో దొరికింది వాటిలో ఒకటే. మా అత్తమ్మకు మొదట్లో ఇదంతా నచ్చలేదు. తల్లిపాలు నిప్పు మీద పెడితే తల్లికి పాలు ఎండిపోతాయని ఆమె భయం. పొయ్యి మీద పెట్టకుండా వేడినీళ్ల గిన్నెలో ఉంచి కరిగించాలని డాక్టరమ్మ కూడా చెప్పేసరికి, "చూసినవా, గంత సదువుకున్నామె గూడ నా మాటే చెప్పె" అని మురిసిపోయి, ఆనాటి నుంచి ఆ డబ్బాల బాధ్యత తనే తీసుకుంది.

ఆషాఢంలో మా దగ్గర బోనాలు వచ్చాయి. ఆదివారం ఇంటినిండా చుట్టాలు, వండగా మిగిలిన మాంసం సర్దడానికి చోటు లేదు. నేను ఆ రోజంతా ఇంట్లోనే ఉండి పాపకు నేనే పాలిచ్చాను కాబట్టి ఫ్రిజ్ వైపు చూడనే లేదు. మర్నాడు ఊరంతా సెలవైనా మా ప్రైవేటు ఆఫీసుకు సెలవు లేదు. పాపకు పాలిచ్చి, రోజంతటికీ సరిపడా డబ్బాలున్నాయనే ధైర్యంతో పొద్దున్నే బయలుదేరాను.

మధ్యాహ్నం ఫైళ్ల గదికి వెళ్లబోతుంటే అత్తమ్మ ఫోను చేసింది. వెనక పాప ఏడుపు వినబడుతోంది.

"బిడ్డా, పాలు విరిగినయి. అన్ని డబ్బాలు చూసిన. మాంసం పక్కన పసిపిల్ల పాలేందని రాత్రి తీసి, చల్లటి నీళ్ల పళ్లెంల వెట్టి దేవుని గూట్ల పెట్టిన."

బోనం కుండ పక్కన, పైన వేపమండ కప్పి మరీ పెట్టిందట. కోపం తెచ్చుకునే తీరిక కూడా నాకు లేదు. ఆటో ఎక్కితే నయాపూల్ దగ్గర ఆపేశారు. అమ్మవారి ఘటాల ఊరేగింపు ఎదురుగా వస్తోంది, ఇక మీదట నడకే అన్నారు. మా ఆయన డ్యూటీలో ఉండి ఫోను ఎత్తలేదు. నడిచి వస్తున్నానని అత్తమ్మకు మాత్రం చెప్పగలిగాను. డప్పుల మోతలో, పసుపు నీళ్లలో, కొరడాలు ఝళిపిస్తూ ఎగిరే పోతరాజుల మధ్య జనానికి ఎదురీదుతుంటే రొమ్ములు రాళ్లలా బిగుసుకుపోయాయి, దుప్పట్టా తడిసిపోయింది. అక్కడ ఆకలి, ఇక్కడ పాలు, మధ్యలో ఊరంత జనం. మళ్లీ అత్తమ్మ ఫోను. మోతలో రెండు ముక్కలే వినబడ్డాయి. మన జాకెట్లు కుట్టే చాచా దుకాణం, అక్కడే ఉండు అని.

శాలిబండలో ఆ దుకాణం షట్టరు సగం దించి ఉంది. చాచా నన్ను చూసి, "అందర్ బైఠో బేటీ" అని స్టూలు జరిపాడు. కూర్చోలేకపోయాను. ఆ గుంపులో పాపను ఎత్తుకుని ఆ ముసలావిడ ఎలా వస్తుంది, ఎక్కడ పడిపోతుంది, ఏ తోపులాటలో చిక్కుకుంటుంది అని షట్టరు కింద కనిపించే కాళ్లనే చూస్తూ నిలబడ్డాను. ఎన్నో కాళ్ల తర్వాత పసుపు పూసిన పాదాలు ఆగాయి. అత్తమ్మ వంగి లోపలికి వచ్చింది. పాత చీరతో పాపను రొమ్ముకు కట్టుకుని, చెమటతో ముఖం మీది బండారి పసుపు కారిపోతూ ఉంది.

"పాలు రాకుంటే ఏమాయె, పిల్లనే పాలకాడికి తెచ్చిన" అంది, ఇంకా రొప్పుతూనే.

కొలతలు తీసే మూలన ఉన్న పరదా వెనక్కి పాపను తీసుకువెళ్లాను. కానీ పాప పట్టలేకపోయింది. ఏడ్చి ఏడ్చి దానికి ఓపిక లేదు, నాకేమో రొమ్ము గట్టిపడిపోయింది. అత్తమ్మ పరదా బయటకు తల పెట్టి, "చాచా, జర ఒక బట్టకు ఇస్త్రీ పెట్టి ఇయ్యి, మస్తు వేడి వద్దు" అంది. తల పక్కకు తిప్పుకుని చాచా లోపలికి చాచిన ఆ అస్తరు ముక్క వెచ్చదనం ఇప్పటికీ నాకు గుర్తే. దాంతో అత్తమ్మ మెల్లగా కాపడం పెట్టింది. కాసేపటికి పాప పట్టుకుంది. దాని గుటకల చప్పుడు వినబడేదాకా నేను ఊపిరి పీల్చుకోలేదు. అప్పుడు అత్తమ్మ నేల మీద కూలబడి, "అమ్మవారి పక్కన పెట్టిన గదా, ఏం గాదనుకున్న" అని కొంగుతో కళ్లు ఒత్తుకుంది. పాపను ఒక చేత్తో పొదివి పట్టుకుని, రెండో చెయ్యి ఆమె భుజం మీద వేశాను.

విరిగిన పాలను ఆమె మోరీలో పారబోయనివ్వలేదు. సాయంత్రం ఒక్కో డబ్బా మల్లెచెట్టు మొదట్లో ఒంపి, మట్టి కప్పింది. మరుసటి ఏడు బోనాలకు పాప అన్నం తింటున్నా, మాంసం మాత్రం మా ఆడపడుచు వాళ్లింటి ఫ్రిజ్‌లోనే పెట్టించింది అత్తమ్మ.

ఇప్పుడు మా ఆఫీసులో పాలిచ్చే తల్లులకు గడియ ఉన్న గది ఉంది, చిన్న ఫ్రిజ్ కూడా ఉంది. చూసినప్పుడల్లా సంతోషంగానే ఉంటుంది. ఆ షట్టరు వెనక నిలబడ్డ రోజు నేను కోరుకున్నది ఒక్కటే, నాకు ఆలస్యమైతే నా బిడ్డ ఏడవకూడదని. నిన్న కూడా ఆఫీసు నుంచి ఆలస్యంగానే వచ్చాను. అమ్మాయి నాన్నమ్మ కలిపి పెట్టిన అన్నం తింటూ తలుపు వైపు ఒకసారి చూసి, మళ్లీ కంచంలోకి తల తిప్పుకుంది. కోరుకున్నదే దక్కింది. అయినా ఆ మూత దొరికితే బాగుండు.