దారి అడిగే సత్యనారాయణ

తెలిసిన దారిని మళ్ళీ అడగకుండా సత్యనారాయణ ఎక్కడికీ పోడు. మార్కాపురంలో పుట్టి, పలకల వ్యాపారం మీద చుట్టుపక్కల ఊళ్ళన్నీ ఏళ్ళ తరబడి తిరిగినవాడు. అయినా తర్లుపాడు పోవాలంటే కారాపి, అద్దం దించి, తల బయటపెట్టి "తర్లుపాడుకు ఇట్లేనా పోవాల్సింది?" అంటాడు. ఒకసారి తర్లుపాడు బస్టాండులోనే కారాపి ఆ మాట అడిగాడని భార్య రామతులసమ్మ చెబుతుంది. అక్కడ కూర్చున్న ముసలాయన ఈయన్ని ఎగాదిగా చూసి, కాస్త జాలిగా, "దిగు నాయనా, వచ్చేసినావు" అన్నాడట.

ఈ సంగతి కొత్తల్లుడు వినయ్ కుమార్‌కు ఎవరూ ముందుగా చెప్పలేదు. నలుగురూ కలిసి మామగారి చిన్న కారులో శ్రీశైలం కొండకు బయలుదేరిన రోజునే తెలిసింది. పొదిలిలో సెల్‌ఫోన్ల దుకాణం నడిపే మనిషి కాబట్టి, ముందు సీట్లో కూర్చుని ఫోన్లో దారి పెట్టాడు. నేరుగా వెళ్ళమంది ఫోను. సత్యనారాయణ దానికి మర్యాదగా తలూపి, కారాపి, గొర్రెలు కాసుకుంటున్న మనిషిని అడిగాడు. కాస్త దూరం పోయాక కల్వర్టు మీద ఒంటరిగా కూర్చున్న ఇంకొకాయన్ని అడిగాడు. వాళ్ళు దారి చెప్పి ఊరుకుంటారా? ఏ ఊరు, ఎవరి పిల్లలు, వానలు పడినాయా అని తిరిగి అడిగారు. ఈయన ఇంజనాపి మరీ జవాబు చెప్పాడు.

దోర్నాల చేరేసరికి పొద్దు వాలింది. రామతులసమ్మకు ఘాట్ మలుపులంటే పగలే భయం. చీకటి పడకముందే అడవి దాటించాలని వినయ్ ఆరాటం. కానీ అల్లుడు నోరు చేసుకుంటే బాగుండదు. వెనక సీట్లో భార్య ప్రసన్నలక్ష్మి నవ్వాపుకుంటున్నదని కూడా తెలుస్తూనే ఉంది. ఫోను ఆపేసి జేబులో పెట్టుకున్నాడు.

దోర్నాల దాటాక, కొండ మొదలయ్యే ముందు, ఒక టీ కొట్టు ఉంది. బయట బల్ల మీద వెంకటసుబ్బులమ్మ అనే ముసలామె ఒక్కతే కూర్చుని ఉంది. సత్యనారాయణ కారాపాడు.

"శ్రీశైలానికి ఇట్లేనా పెద్దమ్మా?"

ఆమె లేచి రోడ్డుకు రెండువైపులా చాలాసేపు చూసింది. తర్వాత వాళ్ళు వచ్చినవైపే చెయ్యి చాచింది. "ఇది గాదు నాయనా. వెనక్కి పో. దోర్నాల కాడ ఇంకో దారి ఉంది."

ఆమె పక్కనే ఉన్న రాయి మీద శ్రీశైలం అని పెద్దక్షరాలతో రాసి, ముందుకు బాణం గుర్తు వేసి ఉంది. వినయ్ నోరు తెరిచాడు. అత్తగారు వెనకనుంచి అతని భుజం నొక్కింది. సత్యనారాయణ మాత్రం "మంచిది పెద్దమ్మా" అని దణ్ణం పెట్టి, ఆ ఇరుకు రోడ్డు మీద ముందుకూ వెనక్కూ నానా తంటాలు పడి కారు తిప్పి, వచ్చిన దారినే పోయాడు.

కొట్టు కనుమరుగయ్యాక పక్కకు తీసి ఆపాడు.

"మామా, ఆ రాయి చూసినారా?" అన్నాడు వినయ్.

"చూసినా."

అంతే అని, దిగి, శుభ్రంగానే ఉన్న అద్దాన్ని తుడవసాగాడు. మిగతాది రామతులసమ్మ చెప్పింది. భర్త ఎర్రయ్య పోయినప్పుడు వెంకటసుబ్బులమ్మ కొట్టు మూసేసి, అదే బల్ల మీద మాటాపలుకూ లేకుండా కూర్చుండిపోయిందట. బంధువులు పిలిచినా పలకలేదు. ఆ రోజుల్లోనే తాము అటుగా వస్తూ ఆగారు. టీ అడిగితే పలకలేదు, నీళ్ళడిగితే పలకలేదు. ఇంకేం అడగాలో తోచక ఈయన శ్రీశైలానికి దారి ఇదేనా అన్నాడు. రోడ్డు కనపడటం లేదా అని ఆమె కసిరింది. కసిరి, లేచి పొయ్యి వెలిగించింది.

"ఆ పొద్దటినుంచి ఎవరు ఒంటరిగా కనపడినా అడుగుతాడు. దారి కోసం గాదు నాయనా," అంది రామతులసమ్మ. "ఈ మధ్య ఆమెకు మతిమరుపు వచ్చింది. తప్పు చెప్పినావని మనం అంటే, ఇంకెవరికీ చెప్పదు."

కొండ మీద ఎండ తగ్గిపోతోంది. వినయ్ దిగి మామగారి దగ్గరికి పోయాడు.

"మరి ఇప్పుడు ఆమె ముందునుంచే ఎట్ల పోతాం మామా?"

"అదే తెలియటంలా," అన్నాడు సత్యనారాయణ. ఏ దారి ఎటు పోతుందో నిజంగా తెలియక ఆయన నిలబడిపోవడం బహుశా అదే మొదలు.

వినయ్ తాళం తీసుకుని డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. తిన్నగా పోయి కొట్టు ముందే ఆపాడు.

"మళ్ళా వచ్చినారేంది?" అంది వెంకటసుబ్బులమ్మ.

"దారి తప్పినాం అవ్వా. మీరు చెప్పినట్టే మామ పోతా ఉంటే, మాట వినకుండా నేనే తిప్పినా."

ఆమె అతన్ని ఆపాదమస్తకం చూసి, సత్యనారాయణ వైపు తిరిగింది. "ఇట్లాంటి అల్లుణ్ణి యాడ పట్టుకొచ్చినావు నాయనా?"

సత్యనారాయణ తల దించుకున్నాడు. ఆమె అందరికీ టీ పోసింది. అల్లుడికి గ్లాసు ఇస్తూ, పెద్దలు చెబితే వినాలని చాలాసేపు చెప్పింది. వినయ్ బుద్ధిగా విన్నాడు. టీ అయ్యాక ఎక్కడికి పోతున్నారని ఆమే అడిగింది. శ్రీశైలం అన్నారు. ఈసారి తడుముకోకుండా కొండవైపు చూపించింది.

"నేరుగా పో. యాడా తిరగబాక."

ఘాట్ సగం ఎక్కేసరికి చీకటి పడింది. రామతులసమ్మ కళ్ళు మూసుకుని కూతురి చెయ్యి పట్టుకుంది. ఆలస్యమైందని ఎవరూ అనలేదు. పక్క సీట్లో కూర్చున్న సత్యనారాయణ, ఒక పెద్ద మలుపు దాటాక, అల్లుడి భుజం తట్టాడు.

"దారి బాగా తప్పినావు నాయనా," అన్నాడు.