ఆ సార్ ఈడ ఉండడు

మా ఆవిడ నైజీరియాకు పోతూ పోతూ నాకు ఒక జాడీ మామిడికాయ తొక్కు పెట్టి పోయింది. "రెండు నెలలకు సరిపోతది. అయిపోయేలోపల నువ్వే ఆడుంటవ్" అంది. ఆ తొక్కును నేను ఆరు నెలలు తిన్నాను. మొదట్లో పూటకు చెంచాడు, తర్వాత రోజుకు చెంచాడు, చివరికి ఆదివారాలు మాత్రమే, అదీ వేలి కొనతో.

ఇద్దరం ఇంగ్లీషు పంతుళ్లమే. హన్మకొండలో చెరో బళ్లో పాఠాలు చెప్పేవాళ్లం. డెబ్బయ్యో దశకం చివరి రోజులవి. ఇంగ్లీషో లెక్కలో చెప్పగలిగిన ప్రతివాడి నోటా నైజీరియా మాటే. అక్కడ కొత్త బళ్లు తెరుస్తున్నారట, టీచర్లు దొరకడం లేదట. ఇద్దరం కలిసి దరఖాస్తు పెట్టాం, కలిసి ఇంటర్వ్యూకు పోయాం, ఇద్దరికీ ఒకే ఊళ్లో ఉద్యోగాలు వచ్చాయి. ఎంత మురిసిపోయామో!

ఇక పాస్‌పోర్టులు రావాలి. ఆమె తన పుట్టిల్లు పాలకుర్తి అడ్రసు రాసింది, నేను హన్మకొండలో మేం అద్దెకున్న గది అడ్రసు రాశాను. తేడా అక్కడే వచ్చింది. పాలకుర్తికి ఎంక్వైరీకి వచ్చిన కానిస్టేబుల్‌ను మా మామ మంచం వాల్చి కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చాడు. గంటలో పని అయిపోయింది, నెలన్నరలో పాస్‌పోర్టు ఆమె చేతికొచ్చింది. నాది రాలేదు.

"నువ్వు రాకుంటె నేను పోను" అని రెండు రోజులు మొండికేసింది. నేనే పెద్ద మనసున్నవాడిలా, "పిచ్చిదానా, కాయితమే కదా, ఇయ్యాల కాకుంటె రేపొస్తది, నువ్వు పో" అన్నాను. ఆ పెద్ద మనసు ఏ గంగలో కలిసిందో గానీ, సికింద్రాబాద్ స్టేషన్లో బొంబాయి రైలు కదలగానే ప్లాట్‌ఫారం మీద నిలబడి అందరి ముందూ ఏడ్చాను.

మా గది ఒక కిరాణం దుకాణానికి వెనక ఉండేది. దుకాణం నడిపేది ఇంటి యజమానురాలు. అరవై దాటిన మనిషి, భర్త పోయాడు, పిల్లలు లేరు. మేం పెద్దమ్మ అని పిలిచేవాళ్లం. మా గదికి రావాలంటే ఎవరైనా సరే ఆమె తక్కెడ ముందు నుంచి రావలసిందే. ఎవరిని లోపలికి పంపాలో, ఎవరిని అటునుంచి అటే తిప్పి పంపాలో ఆమె ఇష్టం. చందాల వాళ్లు, ఇన్సూరెన్సు ఏజెంట్లు, ట్యూషన్ చెప్పమని వచ్చే తల్లిదండ్రులు, ఒక్కరూ ఆమెను దాటి నా దాకా రాలేదు. "సార్‌కు పనుంటది, పోండ్రి" అనేది. ఆ రోజుల్లో ఆమెను చూసి నా అదృష్టానికి నేనే పొంగిపోయేవాణ్ణి.

మా ఆవిడ పోయాక పెద్దమ్మ నన్ను పూర్తిగా తన చేతిలోకి తీసుకుంది. "ఒక్క మొగోనికి పొయ్యి ఎందుకు సారూ" అని పొద్దున్నే సర్వపిండి పంపేది. పోస్టుమాన్ వచ్చే వేళకు నేను బళ్లో ఉంటాను గనుక ఉత్తరాలు ఆమే తీసుకుని, గాలికి పోకుండా తక్కెడ పక్కనుండే అరకిలో తూకపు రాయి కింద పెట్టేది. సాయంత్రం గల్లీ మలుపు తిరుగుతూనే నా కళ్లు ఆ రాయి మీదికే పోయేవి. కింద నీలం కాయితం ఉంటే ఆ రోజు నా కాళ్లు నేలమీద ఉండేవి కావు. లేకపోతే తక్కెడ వంక చూడకుండా లోపలికి పోయేవాణ్ణి.

ఉత్తరం నిండా అక్కడి సంగతులే. ఎర్రమట్టి రోడ్లు, ఆమె చీర చూసి నవ్విన బడిపిల్లలు, వారంలోనే ఆ నవ్వు మాని చీర కట్టుకోవడం నేర్పమని వెంటపడటం. ప్రతి ఉత్తరం చివరా ఒకటే ప్రశ్న: కాయితం వచ్చిందా? రేపో మాపో అని ప్రతిసారీ రాసేవాణ్ణి. అది రాయడానికి సిగ్గేసి తర్వాత తర్వాత "త్వరలో" అని రాశాను.

ఎదురింటి టైలర్ మిషన్ తొక్కుతూనే రోజూ ఒక మాట విసిరేవాడు. "మొగోళ్లు ముందుగాల పోయి ఆడోళ్లను తోల్కపోతరు. మీది ఉల్టా నడుస్తాంది సార్!" గల్లీ అంతా నవ్వేది. నేనూ నవ్వేవాణ్ణి. బతుకమ్మ రోజుల్లో వాకిట్లో ఆడవాళ్లు చప్పట్లు కొడుతూ తిరుగుతుంటే మాత్రం తలుపేసుకున్నాను. ఆమె ఉంటే ఆ వరసలో ఎక్కడ నిలబడేదో నాకు తెలుసు. అబద్ధమెందుకు, నాకు నైజీరియా అక్కర్లేదు, ఉద్యోగం అక్కర్లేదు. ఆమె కావాలి. ఆమె పక్కన కూర్చుని అన్నం తినాలి.

చలికాలానికి తొక్కు అయిపోయింది. ఖాళీ జాడీ కడగలేదు. మూత తీసి వాసన చూసి మళ్లీ మూసిపెట్టేవాణ్ణి. నలభై మంది పిల్లలకు గ్రామర్ చెప్పే మనిషి చేసే పనేనా అది! ఒకరోజు బడి నుంచి వచ్చేసరికి జాడీ తళతళలాడుతూ పిట్టగోడ మీద ఎండలో బోర్లించి ఉంది.

"ఎవరు కడగమన్నరు?" అని గల్లీ అదిరేలా అరిచాను.

పెద్దమ్మ బిత్తరపోయింది. "గలీజుగున్నదని కడిగిన సారూ. తప్పయిందా?"

తలుపు ధడాలున వేసుకున్నాను. సాయంత్రం అదే జాడీలో తన ఇంటి తొక్కు పెట్టి పంపింది. మంచి తొక్కే. కానీ అది కాదు.

సంక్రాంతి దాటాక వచ్చిన ఉత్తరాన్ని గుమ్మంలో నిలబడే రెండుసార్లు చదివాను. ఈస్టర్ సెలవుల తర్వాత బడి తెరిచేదాకానే నా పోస్టు ఆపుతారట. ఆలోపు నేను చేరకపోతే వేరేవాళ్లను తీసుకుంటారట. ఆమె ఒప్పందం ఇంకా రెండేళ్లుంది, మధ్యలో వదిలి రావడానికి వీల్లేదు. అంటే నేను ఇప్పుడు పోకపోతే మరో రెండేళ్లు ఇలాగే. ఈ ఉత్తరంలో కాయితం వచ్చిందా అని ఆమె అడగలేదు. ఆ లైను లేకపోవడం చూసి నాకు భయమేసింది.

మర్నాడే సెలవు పెట్టి హైదరాబాదు పోయాను. ఆఫీసులో ఒక గుమాస్తా, నా మొహం చూసి జాలేసిందేమో, ఫైలు వెతికించి తెచ్చి కాయితం నా వైపు తిప్పాడు. రెండు పోలీసు రిపోర్టులు. రెండింట్లో ఒకటే మాట: విచారించగా సదరు వ్యక్తి ఈ చిరునామాలో నివసించుట లేదని ఇరుగుపొరుగు వారు తెలిపినారు.

నేను నివసించట్లేదా! ఎనిమిది నెలలుగా ఆ గదిని పట్టుకుని వేళ్లాడుతున్నది మరి ఎవరు?

"మళ్లీ ఎంక్వైరీకి రాస్తాను. ఈసారి మీరు ఇంట్లోనే ఉండండి, పక్కవాళ్లతో సంతకం పెట్టించండి" అన్నాడు గుమాస్తా.

కాజీపేట వచ్చేదాకా ఆ కానిస్టేబుల్‌ను తిడుతూనే ఉన్నాను. స్టేషన్ కుర్చీలో కూర్చుని, గల్లీ మొహం చూడకుండానే రాసి పడేసి ఉంటాడని నా నమ్మకం. ఆ వేడిలోనే దుకాణం మెట్లెక్కి పెద్దమ్మ ముందు మొదలుపెట్టాను. "చూసినవా పెద్దమ్మా, రానే రాలేదు వాడు. రాకుండనే రాసిండు!"

పెద్దమ్మ ఎవరికో చింతపండు జోకుతోంది. తల ఎత్తకుండానే, "వచ్చిండు" అంది.

"ఎవరు?"

"పోలీసాయన. రెండుమాట్ల వచ్చిండు. మఫ్టీల వచ్చిండు గని బూట్లు చూసి గుర్తువట్టిన. ఆ సార్ ఈడ ఉండడు, ఎన్నడో ఖాళీ చేసి పోయిండన్న. రెండుమాట్లా నేనే తిప్పి పంపిన." ఆమె గొంతులో గర్వం.

ఎదురింటి నుంచి టైలర్ కూడా అందుకున్నాడు. "నన్ను గూడ అడిగిండు సార్. గసొంటాయన ఈ గల్లీలనే లేడన్న. మీరు భయపడ్తరని చెప్పలే. మీరేం ఫికర్ చెయ్యకుండ్రి!"

చేతిలో సంచి మెట్ల మీద విసిరికొట్టాను. "నా సంసారాన్ని ముంచినవు పెద్దమ్మా! నన్నడగాలె గదా! ఎవరు చెప్పమన్నరు నీకు?"

చింతపండు కొనడానికి వచ్చినామె మెల్లగా జారుకుంది. పెద్దమ్మ తక్కెడ కిందపెట్టింది.

"పోలీసోడు అడిగితే ఎవలన్న ఉన్నడంటరా సారూ?" అంది. నిజంగానే అర్థం కాక అడుగుతోంది. నా గది వైపు చూస్తూ చెప్పింది. "మా తమ్ముడు నువ్వున్న అర్రలనే ఉంటుండె. ప్రెస్సుల పని. ఎమర్జెన్సీల గిట్లనే ఒకాయన వచ్చిండు. మంచిగ నవ్వుకుంట, 'అక్కా, తమ్ముడున్నడా, జర ఒక్క సంతకం' అన్నడు. నేనే పిలిచిన. నా నోటితోని, 'తమ్మీ, నీ కోసం వచ్చిండ్రు' అని పిలిచిన. ఆయనకు చాయ గూడ వోసిన."

"మరి?"

"ఏడాదికి ఇడిసిపెట్టిండ్రు. గిప్పుడు మరిపెడల ఉంటడు. చేతులు వణుకుతయి, చాయ గిలాస పట్టరాదు. ఇంటికి రమ్మంటె రాడు. పిలిచింది నేనే గద సారూ."

నా కోపం పోయిందని చెప్పను. పోలేదు. కానీ దాన్ని ఎవరి మీద పెట్టాలో తెలియక ఆ మెట్ల మీదే కూర్చుండిపోయాను. ఆమె గోలెంలోంచి చెంబుతో నీళ్లు ముంచి ఇచ్చింది, తాగాను.

తర్వాత నెల రోజులు ఆమెకు పాఠం చెప్పాను. "పెద్దమ్మా, ఎవరొచ్చి అడిగినా ఏమనాలె?" "ఉన్నడు అనాలె." "గట్టిగా?" "గట్టిగ." రోజూ బడికి పోయేముందు ఒకసారి, వచ్చాక ఒకసారి. టైలర్ కూడా గొంతు కలిపేవాడు. ఆ మాట అంటున్నప్పుడు మాత్రం ఆమె నా మొహం వైపు చూసేది కాదు.

ఎంక్వైరీ కానిస్టేబుల్ ఒక ఆదివారం మధ్యాహ్నం వచ్చాడు. గదిలో ఉన్న నాకు సైకిల్ స్టాండు వేసిన చప్పుడు వినబడింది. "అమ్మా, ఈ సార్ ఈడ ఉంటడా?"

తక్కెడ పళ్లెం ఒకసారి ఖంగుమంది.

"అమ్మా, నిన్నే."

"ఎందుకు?" అంది పెద్దమ్మ.

"ఏం లేదమ్మా. పాస్‌పోర్టు కోసం. జర ఒక్క సంతకం."

అయిపోయింది అనుకున్నాను. సరిగ్గా ఆ మాటే అనాలా ఆయన! బయటికి ఉరికితే ఆమె ఇంకా బెదురుతుందని గుమ్మం లోపలే ఆగాను. రెండేళ్లు, ఇంకా రెండేళ్లు అని మనసులో కొట్టుకుంటోంది. ఎదురింట్లో టైలర్ మిషన్ ఆగిపోయింది.

"ఉన్నడు" అంది. మళ్లీ గట్టిగా, "ఉన్నడు. లోపలనే ఉన్నడు."

"అయితే జర పిలువమ్మా."

పిలవలేదు. చాలాసేపటికి చీర చప్పుడు వినబడింది. తక్కెడ దగ్గర నుంచి లేచి తనే నా గది గుమ్మం దాకా వచ్చింది. ఏమీ అనకుండా నా మణికట్టు పట్టుకుంది. అలాగే బయటికి తీసుకొచ్చి ఆయన ముందు నిలబెట్టింది. ఆయన నా పేరు, తండ్రి పేరు, ఉద్యోగం అడిగి రాసుకుంటున్నంతసేపూ ఆ చేయి వదల్లేదు. ఆమెకు రాయరాదు గనుక వేలిముద్ర వేయమన్నాడు. కుడిచేత్తో నన్ను పట్టుకునే ఎడమ బొటనవేలికి సిరా పూయించుకుని వేసింది.

ఆయన కాయితం మడుస్తుంటే అడిగింది. "మల్ల తోల్కొస్తవా?"

ఆయన నవ్వాడు. "నేనేడికి తోల్కపోతనమ్మా? ఆయనే పోతాండు."

అప్పుడు నా చేయి వదిలింది. మణికట్టు మీద ఆమె వేళ్ల అచ్చులు పడ్డాయి.

ఉగాది వెళ్లిన వారానికి పాస్‌పోర్టు వచ్చింది. మిగతా కాయితాలు పరుగుల మీద అయ్యాయి. పోయేరోజు పెద్దమ్మ ఆ జాడీ నిండా తొక్కు పెట్టి, మూతకు బట్ట కట్టి ఇచ్చింది. నైజీరియా విమానాశ్రయంలో మా ఆవిడ నన్ను కాసేపు పట్టుకుని నిలబడి, తర్వాత సంచిలో జాడీ చూసి, "ఇంకా అయిపోలేదా?" అంది. ఇద్దరం ఏడుస్తూనే నవ్వాం. కడిగిన సంగతి ఇంటికి పోయాక చెప్పాను.

రెండు నెలలకు హన్మకొండ నుంచి ఉత్తరం వచ్చింది. రాసింది టైలర్, చెప్పింది పెద్దమ్మ. మా ఆవిడ ఎప్పుడో వేసిన ఉత్తరం ఒకటి దారి తప్పి, నేను బయల్దేరాక అక్కడికి చేరిందట. మా ఆవిడ పైకి చదువుతోంది, నేను అన్నం ముందు కూర్చుని వింటున్నాను.

"పోస్టాయన సార్ ఉన్నడా అని అడిగిండు. ఉన్నడని చెప్పి తీసుకున్న. రాయి కిందనే ఉన్నది. అర్ర ఎవలకు కిరాయికియ్యలే. ఎవలడిగినా ఉన్నడనే అంటాన. నువ్వే గద సారూ, గట్ల చెప్పమన్నది."