నన్ను అడగకుండా నా గురించి రాయొద్దు

తేడా బయటపడింది ఒక సోమవారం పొద్దున. మహారాష్ట్రలోని భివండీలో, పద్మనగర్‌లో నేను నాలుగు సాంచాలు నడిపేవాణ్ని. మరమగ్గాలను మేము సాంచాలంటాం. ఆ రోజు కరెంటు పోయి అన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. అవతలి వరసలోంచి ఎవరో నన్ను తిడుతున్నారని రెండు నెలలుగా అనుకుంటున్న గొంతు మాత్రం ఆగలేదు. అప్పుడు భయం వేసింది.

ఆ గొంతుకు నేను రోజూ జవాబు చెబుతూనే ఉన్నాను. ఎవరూ అనుమానించలేదు. సాంచాల మోతలో మాట వినబడదు కాబట్టి మేమంతా పెదవులాడించి, చేతులూపి మాట్లాడుకుంటాం. నా పెదవులు కదిలితే పక్కవాడితో ముచ్చట పెడుతున్నాననుకున్నారు. కరెంటు పోయాక కూడా నేను ఆపకపోయేసరికి తోటి పనివాడు పరుగున వెళ్లి నా భార్య రాజమణిని పిలుచుకొచ్చాడు.

“ఎవలతోని మాట్లాడుతున్నవయ్యా? ఈడ ఎవల్లేరు గదా!” అంది రాజమణి.

ఆస్పత్రిలో రక్త పరీక్షలు, సీటీ స్కాన్ అయ్యాక డాక్టర్, “స్కిజోఫ్రీనియా. మందులతో కంట్రోల్ అవుతుంది” అన్నారు. వార్డులో పదిహేను రోజులు ఉన్నాను. సూదులకంటే ఇంకొకటి నన్ను ఎక్కువ బాధపెట్టింది. నేను మంచం మీద కూర్చునే ఉండగా నర్సులు రాజమణిని అడిగేవారు: నిద్రపోయాడా, తిన్నాడా, టాబ్లెట్ మింగాడా అని. నాకు ఒళ్లు మండిపోయేది.

గొంతు తగ్గింది. పనిలోకి వెళ్తే చేతులు వణికాయి. పోగు తెగితే ముడి వేయలేకపోయాను. ముడి వేయలేనివాడికి సాంచా ఎవరిస్తారు? ఎవరికీ చెప్పకుండా టాబ్లెట్లు మానేశాను. తప్పు నాదే. నెల తిరక్కముందే గొంతు మళ్లీ వచ్చింది. మళ్లీ అదే వార్డు.

ఈసారి ట్రైనింగ్‌లో ఉన్న నర్సు, మా తెలుగు పిల్లే, కుర్చీ నా ముందుకు లాక్కుంది. “అన్నా, నువ్వేం పని జేస్తవ్? గోలీలు ఏస్కున్నంక పనిల ఏమన్న ఇబ్బందైతుందా?” అని అడిగింది. చేతులు చాపి చూపించాను. ఆమె వెళ్లి డాక్టర్‌ను వెంటబెట్టుకొచ్చింది.

“ట్రెమర్స్. సైడ్ ఎఫెక్ట్ ఇది. ముందే చెప్పాల్సింది” అన్నారాయన. ఎవరైనా అడిగితే కదా! మందు మార్చారు. మెల్లగా వణుకు తగ్గింది.

తర్వాత ఆ అమ్మాయి చదివే నర్సింగ్ కాలేజీ మేడమ్, పిల్లలతో మాట్లాడమని నన్ను క్లాసుకు పిలిచింది. బస్తీలో అందరికీ తెలుస్తుందని రాజమణి భయపడింది. “తెలిస్తే తెల్వనీ. నా లెక్క ఇంకొకడు గోలీలు ఇడిసిపెట్టొద్దు” అన్నాను. క్లాసులో మేడమ్, “స్కిజోఫ్రీనియా కేసు” అని నన్ను పరిచయం చేసింది. “కేసు కాదు మేడమ్, నా పేరు శంకరయ్య. చూపించడానికైతే రాను, నేర్పడానికైతే వస్తాను” అని హిందీలో చెప్పేశాను. ఆమె మొహం ఎర్రబడింది గానీ, మరుసటి వారం కూడా పిలిచింది.

ఇప్పుడు ప్రాక్టికల్ పరీక్షల్లో నేనూ మార్కులు వేస్తున్నాను. నేను పేషెంటుగా, రాజమణి ఇంటిమనిషిగా కూర్చుంటాం; పిల్లలు ఒక్కొక్కరే వచ్చి ప్రశ్నలు అడగాలి. మొన్న క్లాసులో ఫస్ట్ వచ్చే అమ్మాయి గదిలోకి రాగానే రాజమణి వైపు తిరిగి, “బాగా నిద్రపోతున్నారా?” అని అడిగింది. బయటికెళ్లి మళ్లీ రమ్మన్నాను.

“బాగా చదివే పిల్ల” అని మేడమ్ నసిగింది.

“అందుకే మళ్లీ రమ్మంటున్నా” అన్నాను. ఆ అమ్మాయి కళ్లు తుడుచుకుని వచ్చింది. ఈసారి నన్నే అడిగింది. మార్కులు వేశాను.

ప్రస్తుతం రెండు సాంచాలు నడుపుతున్నాను. గొంతు అప్పుడప్పుడు వస్తుంది, నేను పని ఆపను. ఒక్కటే చెబుతాను: టాబ్లెట్ మానేయాలనిపిస్తే, మానకముందే ఆస్పత్రికి వెళ్లి కారణం మీ నోటితోనే చెప్పండి. మీ వంక చూడకుండా ఇంటివాళ్లను అడుగుతుంటే, మిమ్మల్ని అడిగేదాకా కుర్చీలోంచి లేవకండి.