చిన్నాన్న పిప్పి పన్ను

మా చిన్నాన్న సోఫాలు చేసేవాడు. నోటినిండా బుల్లి మేకులు పోసుకుని, నాలుకతో ఒక్కొక్కటే పెదాల మీదికి తోసి, అందుకుని సుత్తితో కొట్టేవాడు. అన్ని మేకులున్నా ఆ నోరు మూతపడేది కాదు. "అటు తిరిగి మాట్లాడు, నా మీద రాల్చేలా ఉన్నావు" అనేది పిన్ని.

పనిలో ఆయనకో పట్టుదల. చిన్న చిరుగుకి అతుకు వెయ్యమంటే వేసేవాడు కాదు. "వాడుకోండి. పూర్తిగా పోయాక తీసుకురండి, మొత్తం విప్పి కొత్తది చేసిస్తా" అని పంపేసేవాడు.

ఒక ఎండాకాలం ఆయన కింది దవడ పన్ను పుచ్చింది. చల్లనీళ్లు తాగితే కణత దాకా లాగేది. ఆయన పనిచేసే సోఫాల షెడ్డు యజమాని పనివాళ్లందరికీ ఆరోగ్య బీమా కార్డులు ఇప్పించాడు. అది పట్టుకుని పళ్ల డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాడు, తోడు నేను.

"రంధ్రం ఇంకా చిన్నదే. ఇవాళే ఫిల్లింగ్ చేసేస్తాను" అంది ఆవిడ.

"కార్డుంది తల్లీ."

"దీంట్లో ఫిల్లింగ్ రాదండీ. దెబ్బ తగిలి పళ్లు విరిగితేనో, ఆస్పత్రిలో చేరాల్సి వస్తేనో ఇస్తారు. ఇది మీ చేతి ఖర్చే."

"అంటే బాగా ముదిరితే ఇస్తారన్నమాట."

"ముదరనివ్వకండి బాబూ."

అప్పటికే ఆయన కుర్చీ దిగేశాడు. ఇంటికొచ్చి పిన్నితో, "సోఫా లెక్కే ఇది. పూర్తిగా పోనీ, అప్పుడు కార్డు వాళ్లే చూసుకుంటారు" అన్నాడు.

"సోఫాకి నొప్పి ఉంటుందా?" అంది పిన్ని.

"ఓర్చుకునేది నేను కదా, నీకేం పోయింది."

బిళ్లలు మింగుతూ, రెండో పక్క నములుతూ నెట్టుకొచ్చాడు. వానలు మొదలయ్యేసరికి నొప్పి దానంతటదే పోయింది. పన్ను లోపల చచ్చిపోయిందని మాకేం తెలుసు? ఆయన మాత్రం మీసం దువ్వాడు.

తర్వాత దవడ వాచింది. వాపు గడ్డం కిందికి దిగి మెడంతా చెక్కలా బిగుసుకుంది. ఒళ్లు కాలిపోతోంది, గుటక పడటం లేదు.

"పద, ఆస్పత్రికి పోదాం" అని పిన్ని చెయ్యి పట్టుకుని లాగింది.

"ఇంకొక్క రోజు చూద్దాం. చేర్చుకునేంత అయిందో లేదో. తిప్పి పంపిస్తే మళ్లీ మన చేతి ఖర్చే."

సాయంత్రానికి పడుకుంటే ఊపిరాడలేదు. ఆటోలో వేసుకుని పోయాం. ఆస్పత్రి వాళ్లు మారు మాట్లాడకుండా చేర్చుకున్నారు. కార్డు చూసి చెల్లుతుందన్నారు. స్ట్రెచర్ మీద నుంచే చిన్నాన్న పిన్ని వైపు తిరిగి, నే చెప్పలా అన్నట్టు కళ్లెగరేశాడు. అప్పటికే మాట రావడం లేదు.

చీము పంటి వేరు నుంచి మెడలోకి, అక్కణ్నుంచి గుండెల్లోకి దిగిందన్నారు. గొంతు కోసి గొట్టం పెట్టారు. ఒకనాటి తెల్లవారుజామున పోయాడు.

బిల్లు కిటికీ దగ్గర కుర్రాడు తలెత్తకుండా, "అంతా కార్డులోనే సరిపోయిందమ్మా. మీరు కట్టేదేం లేదు" అన్నాడు.

"పంటిది కూడానా బాబూ?" అంది పిన్ని.

"అన్నీనమ్మా."

పిన్ని ఆ కిటికీ కిందే కూలబడింది. వెనకున్న వాళ్లు ఆమెను దాటుకుని ముందుకు జరిగారు.