మూగ సినిమాకు ఊ కొట్టిన అండాలు

మా మామ సమ్మయ్యకు నోరు మూసుకోవడం చేతకాదు. పుట్టింది స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర, ఒగ్గు కథలు చెప్పే ఇంట్లో. భూపాలపల్లి బొగ్గుబాయిలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైనా ఆ నోరు అరగలేదు. అందుకే మేడే నాడు యూనియన్ హాల్లో సమ్మెల మీద తీసిన రెండు పాత మూగ సినిమాలు వేస్తూ, తెర పక్కన నిలబడి కథ చెప్పమని ఆయన్నే పిలిచారు.

ఒగ్గు కథకు ఊ కొట్టే మనిషి ఉండాలి. లేకపోతే కథ అడుగు కదలదు. ఆ పని చేసే దుర్గయ్యకు జ్వరమొచ్చిందని మా అత్త అండాలును కూర్చోబెట్టారు. నేను పోయి తలుపు పక్కనే కుర్చీ చూసుకున్నాను.

ఎందుకంటే, పాతికేళ్ల కింద జరిగిన సమ్మెలో మూడో రోజునే మామ దొంగచాటుగా బాయిలో దిగాడు. అత్త పదకొండు రోజులు ఆయనకు ఇంటి తలుపు తీయలేదు. "మోటర్లు నడపకుంటే బాయి నీళ్లల్ల మునుగుతదని పోయిన" అని ఆయన ఇప్పటికీ బొంకుతాడు. ఆమె ఇప్పటికీ నమ్మదు. ఆ మాట ఎత్తితే ఆ పూట పొయ్యి వెలగదు.

మొదటి సినిమా ఉత్త బోగస్. ఇస్త్రీ చొక్కా వేసుకుని మిల్లులో చెమటోడ్చే హీరో, కాటుక కళ్ల యజమాని కూతురు. వాళ్ల పెళ్లితో సమ్మె ముగిసింది. కూలి పెరిగిందా అని ఒక్కడూ అడగడు.

"సమ్మెకే లగ్గం జేసిండ్రు!" అన్నాడు మామ.

"ఊ" అని అత్త పక్కున నవ్వింది. హాలంతా ఈలలు.

రెండో సినిమాలో హీరో సమ్మెను కాదని మిల్లుకు పోతాడు, ప్రేమించిన పిల్ల తలుపేసుకుంటుంది. ముందు దాంట్లో ప్రేమ సమ్మెను మింగింది, ఇందులో సమ్మె ప్రేమను మింగింది. మామ మైకు దగ్గరికి లాక్కున్నాడు. తెర మీద తలుపు మూసే ఉంది. ఈయనేమో "పిల్ల మనసు కరిగె, తలుపు తీసె" అన్నాడు.

అత్త ఊ కొట్టలేదు. మామ మళ్లీ అన్నాడు.

"తియ్యలే. కండ్లు కనవడ్తలెవ్వా? వాడు ఎందుకు పోయిండో అది చెప్పు ముందుగాల" అంది అత్త.

మామ నా వైపు చూశాడు. అల్లుణ్ని, నేనేం చేస్తాను?

"మోటర్లు లేవు, గీటర్లు లేవు" అన్నాడు చివరికి, మైకులోనే. "నౌకరి పోతదని భయమైంది. గంతే."

"ఊ" అంది అత్త. కొంగుతో ముక్కు తుడుచుకుంది. "గీ మాట ఆనాడే అంటే, ఆ పొద్దే తలుపు తీస్తుంటి గదయ్యా!"