తూర్పు గదికి నీలం

2004 సెప్టెంబరు, ఆదివారం, పొద్దున పదిన్నర. అమీర్‌పేటలో మా నాన్న కట్టించిన ఇంట్లో, తూర్పు గదిలో ఉన్నవాళ్లు ముగ్గురు: నేను, చెల్లెలు సుశీల, పెయింటర్ గఫార్ భాయ్.

గోడ గీకుతుంటే పాత సున్నం వాసన లేచింది. కిటికీ అవతల ఎదురింటి మేడ మీద కంప్యూటర్ కోర్సుల బోర్డులు, కింద వాటికోసం వచ్చిన పిల్లల గోల. భర్త పోయాక సుశీల నా దగ్గరికి వచ్చేసింది. ఈ గది ఆమెకు. రంగు విషయంలో ఆమెకు సందేహమే లేదు. "అమ్మ ఉన్నప్పుడు ఎట్లుండెనో గట్లనే నీలం" అన్నది. అమ్మ పోయేనాటికి ఆమెకు మూడేళ్లు. ముఖం గుర్తులేదు, ఇంట్లో ఫొటో లేదు. చిన్నప్పుడు ఏడ్చినప్పుడల్లా నేను చెప్పిన ఒకే ఒక్క సంగతి, అమ్మ అర్ర, అంటే ఈ తూర్పు గది, నీలంగా ఉండేదని. తన పెళ్లయ్యాక ఏ ఇంటికి మారినా ఒక గదికి నీలం వేయించుకుంటూ వచ్చింది.

మా చిన్నతనంలో ఇక్కడ ఇన్ని ఇళ్లు లేవు. పంజాగుట్ట వైపు రాళ్లగుట్టలు, వాటి సందుల్లో సీతాఫలం పొదలు, బేగంపేటలో దిగే విమానం కోసం చిర్రగోనె ఆట ఆపి మెడలు వెనక్కి వాల్చి చూసే మేము. బతుకమ్మ రోజులు వస్తున్నాయంటే వాకిట్లో పెద్ద గోలెంలో సున్నపురాళ్లు వేసి నీళ్లు పోసేవాళ్లు, అవి గంటలకొద్దీ బుసలుకొడుతూ ఉడికేవి, ఆ ఘాటుకు కళ్లు మండినా మేము అక్కడే తచ్చాడుతుంటే అమ్మ వంటింట్లోంచే "దూరం జరుగుండ్రి, కండ్లు పోతయ్" అని కేకేసేది. ఈతకొమ్మ చివర దంచి చేసిన కుంచెలు, మోచేతుల దాకా తెల్లటి చారలు, సత్తుపిండి వేయించే కమ్మని వాసన, అన్నీ కలిసి పండగ. తను పోయిన ఏడు అమ్మ, అన్ని గదులకూ తెలుపే కానీ తన గదికి మాత్రం సున్నంలో నీలిమందు కలపాలన్నది. ముందు గదులు అయిపోయాయి. అమ్మ గది అష్టమి రోజుకు మిగిలింది.

నాన్న నాతో రోజూ డైరీ రాయించేవాడు. రాయకపోతే ఆటకు పంపేవాడు కాదు. ఆ నోటుపుస్తకాలన్నీ ఏ సంవత్సరానివి ఆ సంవత్సరం కట్టలు కట్టి ఇప్పటికీ బీరువాలో పెట్టుకున్నాను.

గఫార్ భాయ్ గోడ మూలన అరచేతి మేర మట్టి దాకా గీకాడు. పైన క్రీము, దాని కింద ఆకుపచ్చ, ఆ కింద ఒకదాని మీద ఒకటిగా సున్నం పొరలు. అన్నీ తెలుపే.

"సాబ్, గిండ్ల నీలం లేదు."

"ఇంకోచోట చూడు" అన్నాను. నాలుగు గోడలా నాలుగు చోట్ల చూశాడు.

"నీలిమందు పడితే జర మరకన్న ఉంటది సాబ్. ఎన్నడు పడలే."

నేను లోపలికి వెళ్లి ఆ సంవత్సరం పుస్తకం తెచ్చాను. గఫార్ భాయ్ నవ్వాడు. "బహన్‌జీ, మీ అన్న గోడలకు సుత హాజరు రాసిండా?"

పేజీ తీసి చదివాను. "అష్టమి. ఇయ్యాల అమ్మ అర్రకు నీలం ఏసిండ్రు. మంచిగున్నది." నా అక్షరాలే. సుశీల నా చేతిలోంచి పుస్తకం తీసుకుని తరువాతి పేజీ తిప్పింది. పన్నెండు రోజుల తరువాత మేనత్త ఇంట్లో రాసినది. దాన్ని పైకి చదివింది. "అష్టమి నాడు తెల్లారకముందే అమ్మను దవాఖానకు తీస్కపోయిండ్రు. ఆడనే సచ్చిపోయింది."

ఆ రెండు పేజీలు ఎన్నోసార్లు చదివాను. ఒకదాని పక్కన ఒకటి పెట్టి ఎప్పుడూ చూడలేదు. అష్టమినాడు పొద్దున్నే ఆటకు పోవాలని ఆ పేజీ ముందురోజే రాసి పెట్టుకున్న సంగతి ఇప్పుడు గుర్తొచ్చింది. అమ్మను తీసుకుపోయాక మమ్మల్ని మేనత్త ఇంటికి పంపారు. తిరిగొచ్చేసరికి ఆ గదికి తాళం. చాలా ఏళ్లకు తాళం తీసినప్పుడు లోపల ఆకుపచ్చ రంగు ఉంది. ఆకుపచ్చకు ముందు ఏముండేదో నా రాతను చూసే నమ్మాను.

"ముందుగాల్నే రాసినవా?" అన్నది సుశీల.

"రాసిన."

"గదే నాకు చెప్పుకుంట వచ్చినవు."

"అవును" అన్నాను. పుస్తకం మూసి నా చేతికిచ్చింది. నాకు ఏడుపు రాలేదు. భోజనానికి కూర్చున్నాం, వంకాయ కూరలో ఉప్పు సరిపోయింది.

మర్నాడు ఎనిమిదింటికి గఫార్ భాయ్ వచ్చేసరికి సుశీల ఖాళీ గదిలో కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది.

"ఏం చేద్దాం బహన్‌జీ? తెలుపే ఏసేద్దామా?"

"వద్దు. నీలమే అడిగింది గద అమ్మ. గా రోజు పడలే. ఇయ్యాల ఎయ్యి."

"ఏ నీలం? రంగుల పుస్తకంల మస్తు ఉన్నయ్."

సుశీల నా వైపు చూసింది. సున్నంలో నీలిమందు కలిపి అమ్మ ఎంత నీలం చేయాలనుకున్నదో నాకు తెలియదు. తెలిసినవాళ్లెవరూ ఇప్పుడు లేరు. "నాకు తెల్వదమ్మా" అన్నాను.

గఫార్ భాయ్ తెల్ల రంగు బకెట్ ఆమె ముందు పెట్టి, నీలం సీసా మూత తీసి, కొద్దికొద్దిగా పోస్తూ కర్రతో తిప్పసాగాడు. సుశీల వంగి బకెట్‌లోకే చూస్తోంది. అతను ఆమె ముఖం చూస్తూ పోస్తున్నాడు. చాలాసేపటికి ఆమె చెయ్యి ఎత్తింది.

"సాలు భాయ్."