పైకి పోయారు

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. జ్వరానికి భాష లేదు, సూదికి భాష లేదు, కాబట్టి నర్సుకూ అక్కర్లేదని. కేరళలో కొట్టాయం దగ్గర మా ఊళ్ళో నర్సింగు చదివి, గుంటూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఉద్యోగానికి వచ్చాను. ఇక్కడ ఉండేది రెండేళ్ళే, ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ చేతికి రాగానే గల్ఫు విమానం ఎక్కేస్తానని నా ధీమా. రెండేళ్ళ కోసం ఒక భాష నేర్చుకోవడమంటే అద్దె ఇంటికి సొంత డబ్బుతో రంగులు వేయించడమేనని హాస్టల్ గదిలో తోటి అమ్మాయిలకు ఉపన్యాసం కూడా ఇచ్చాను. (ఆ ఉపన్యాసం గుర్తొస్తే, ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నా సరే, మొహం కొంగులో దాచుకోవాలనిపిస్తుంది.)

పైగా తెలుగు నాకు సగం వచ్చేసినట్టే అనిపించేది. కన్ను, చెవి, పాలు, ఇవన్నీ మా మాటలేగా. చిక్కంతా ఆ మిగతా సగంతోనే. చేరిన కొత్తలో డాక్టరు గారు ఒక రోగి కాలు చూపించి "పట్టీ కట్టమ్మా" అన్నారు. మలయాళంలో పట్టి అంటే కుక్క. కట్టమంటున్నారంటే ఇక్కడెక్కడో తిరుగుతోందన్నమాట అని నేను వంగి మంచం కింద వెతికాను. వార్డులో పనిచేసే ఒక పెద్దమనిషిని మర్యాదగా ఉంటుందని "చేట్టా" అని పిలిచేదాన్ని. మా వైపు అన్నయ్యను అలా పిలుస్తాం. ఆయన మాత్రం నేను తనను చెత్త అంటున్నానని చాలాకాలం నాతో మాట్లాడలేదు. ఇంత జరిగినా నాకు బుద్ధి రాలేదు సరికదా, సొంతంగా ఒక సూత్రం కనిపెట్టాను. మలయాళం మాట తీసుకుని చివర "ఆరు" తగిలిస్తే తెలుగైపోతుంది. అప్పుడప్పుడూ అయ్యేది కూడా, అదే నా కొంప ముంచింది.

మిరప కోతల కాలం. పర్చూరు వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చి చేరాడు. కళ్ళంలో మిరపకాయల బస్తా ఎత్తబోయి జారిపడితే తుంటికి దెబ్బ తగిలింది. ఆయన వెంట భార్య, ఆమె మేనల్లుడు ఉన్నారు. ఆమెను వార్డులో అందరూ పెద్దమ్మ అనేవాళ్ళు, నేనూ అలాగే అనేదాన్ని. ఆ ఉదయం పెద్దమ్మ ఇడ్లీలు తేవడానికి బయటికి వెళ్ళింది. ఈలోగా నేను పెద్దాయనకు నొప్పి తగ్గే ఇంజక్షను చేశాను. పై అంతస్తులో స్కానింగుకు పిలిస్తే వార్డు మనిషి ఆయన్ని చక్రాల కుర్చీలో కూర్చోబెట్టుకుని లిఫ్టులో తీసుకెళ్ళాడు. పెద్దమ్మ తిరిగొచ్చి ఖాళీ మంచం చూసింది.

"అమ్మాయ్, మా ఆయనేడీ?"

ప్రశ్న మొత్తం అర్థమైనందుకు ముందు నన్ను నేను మెచ్చుకున్నాను. వెళ్ళాడు అనడానికి మా భాషలో "పోయి" అంటాం. సూత్రం ప్రకారం దానికి "ఆరు" తగిలించి, వేలు పైకెత్తి చూపిస్తూ, నిండుగా నవ్వి, "పైకి పోయారు" అన్నాను.

ఆమె మంచం పట్టె పట్టుకుంది. "ఎప్పుడు?"

"ఇప్పుడే. ఇంక నొప్పి లేదు" అన్నాను. నా ఇంజక్షను అంత బాగా పనిచేసిందని చెప్పుకోవడం నా ఉద్దేశం. ఆమె కదలకుండా నావంకే చూస్తుంటే సరిగ్గా అర్థం కాలేదేమోనని, "కిందికి తెస్తారు, కూర్చో" అని కుర్చీ కూడా లాగి వేశాను.

ఇడ్లీ పొట్లం నేలమీద పడింది. ఆమె రెండు చేతులతో తల బాదుకుంటూ పెట్టిన కేకకు పక్క వార్డుల వాళ్ళు కూడా పరుగెత్తుకొచ్చారు. స్కానింగుకే ఇంత ఏడిస్తే, ఆపరేషనంటే వీళ్ళేమైపోతారోనని నేను జాలిపడ్డాను. మేనల్లుడు నా దగ్గరికొచ్చి "నిజమేనా సిస్టర్?" అని అడిగాడు. "నిజం, నిజం" అని తలూపాను. అతను గోడవైపు తిరిగి ఊరికి ఫోన్ చేశాడు. నేను పెద్దమ్మ వీపు నిమురుతూ నిలబడ్డాను. ఓదార్చడం మాత్రం నాకు బాగా వచ్చని అప్పట్లో పేరు.

అంతలో లిఫ్టు తలుపు తెరుచుకుంది. చక్రాల కుర్చీలోంచి పెద్దాయన తల బయటపెట్టి, గుమిగూడిన జనాన్ని చూసి, "ఏందే, ఎవరు పోయారు?" అన్నాడు.

పెద్దమ్మ లేచి ఆయన దగ్గరికి నడిచింది. ఆయన మొహం, భుజాలు, చేతులు తడిమి తడిమి చూసింది. "నువ్వేనంట" అంది. ఆ మాట అని అక్కడే కూలబడిపోయింది.

నా తప్పేమిటో ఎవరూ నాకు వివరించాల్సిన పని లేకపోయింది. ఆమెను మంచం మీద పడుకోబెట్టి బీపీ చూడటానికి కూర్చుని పట్టా రెండుసార్లు తిరగేసి చుట్టాను. తల బాదుకున్నప్పుడు బొట్టు చెరిగి నుదుటి మీద పొడుగ్గా ఎర్రటి చార పడింది. ఆ చార వంక చూడలేక బీపీ మిషను ముల్లు వంకే చూస్తూ కూర్చున్నాను.

అంతటితో ఆగినా బాగుండేది. పెద్దాయన బతికే ఉన్నాడని మేనల్లుడు మళ్ళీ ఫోన్ చేస్తే ఆ ఏడుపుల్లో ఎవరికీ వినపడలేదట. చేలో కోత ఆపేసి, కాయలు కళ్ళంలో అలాగే వదిలేసి, వ్యాను నిండా జనం దిగారు. ముందుగా వచ్చిన బావమరిది పెద్దాయన్ని చూసి, చేతిలో ఉన్న బంతిపూల దండ గబుక్కున వీపు వెనక దాచుకున్నాడు. పెద్దాయన చూడనే చూశాడు.

"తెచ్చినోడివి దాస్తావేందిరా, వెయ్యి. సన్మానమనుకుంటా" అన్నాడు. దండ వేయించుకుని, "ఎవరెవరు ఏడ్చార్రా? నిజం చెప్పండి" అని వరసగా విచారణ మొదలుపెట్టాడు. వార్డు వార్డంతా నవ్వింది. నాకు ఆ నవ్వులే ఎక్కువ బాధ కలిగించాయి. నవ్వనిది పెద్దమ్మ ఒక్కతే.

డాక్టరు గారు నన్ను గదిలోకి పిలిచి కేకలేస్తారనుకున్నాను. వెయ్యలేదు. "రెండేళ్ళే కదా ఉండేది అంటావటగా సిస్టర్. ఆ రెండేళ్ళూ వీళ్ళు నీకు అర్థమయ్యే భాషలో జబ్బు పడాలా?" అని ఇంగ్లీషులో నెమ్మదిగా అడిగారు. ఇంతకంటే కేకలేసినా బాగుండేదనిపించింది.

మర్నాడు మందుల షాపు అబ్బాయిని అడిగి ఒక మాట కంఠతా పట్టి, పెద్దమ్మ ముందు చేతులు కట్టుకుని నిలబడి, "నన్ను క్షమించండి" అన్నాను. ఆమె నన్ను కిందినుంచి పైదాకా చూసింది.

"నాటకమా ఏంది? తప్పయింది పెద్దమ్మా అనాలి."

"తప్పయింది పెద్దమ్మా."

"ఊఁ. ఇట్టా కూర్చో. మనిషి గదిలోంచి బయటికెళ్తే ఏమంటావు?"

"వెళ్ళారు."

"ఇంకోసారి అను."

ఆయన ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ ఈ బడి నడిచింది. సలుపు వేరు, పోటు వేరు, మంట వేరు, తిమ్మిరి వేరని ఆయన తుంటినే నల్లబల్లగా చేసి నేర్పింది. ఆయన మూలిగినప్పుడల్లా, "ఇదేంది చెప్పు" అని నన్ను అడిగేది. పాఠం మధ్యలో ఒకసారి, "మా మాట రాకపోతే నీకేం పోదమ్మాయ్. పోయేది మేము" అంది. మళ్ళీ ఆమే, "మీ ఊళ్ళో అమ్మను ఏమంటారు?" అని అడిగింది. అమ్మనే అంటామని చెప్పాను. "అయితే మీ భాష నాకూ సగం వచ్చేసినట్టే" అంది. అప్పుడు నవ్వింది, ఆయన మెడలో దండ పడిన తర్వాత మొదటిసారి.

గల్ఫు విమానం నేను లేకుండానే ఎగిరిపోయింది. గుంటూరులోనే ఉద్యోగం, పెళ్ళి, పిల్లలు. ఇప్పుడు ఒడిశా నుంచి, మణిపూర్ నుంచి కొత్త నర్సమ్మలు వస్తుంటారు. వాళ్ళు తెలుగు నేర్చుకుని తీరాలని కొందరు, ఎందుకు ఇబ్బంది పెట్టడమని కొందరు క్యాంటీన్లో వాదించుకుంటారు. నేను నోరెత్తను. సిగ్గుపడి నేర్చుకున్నదాన్ని, ఇంకొకరిని భయపెట్టి నేర్పలేను. వచ్చిన రోజునే పక్కన కూర్చోబెట్టుకుని నొప్పుల పేర్లు మాత్రం చెప్పిస్తాను. మిగతా భాష వాళ్ళ ఇష్టం. ఆ పేర్లు నేర్చుకోకపోతే మంచంలో ఉన్న మనిషి ఒంటరైపోతాడు.

మొన్న వేసవిలో మా ఊరు వెళ్ళాను. ఆదివారం చర్చి బయట, చూపు మందగించిన మా పక్కింటి ముసలామె నన్ను పోల్చుకోకుండానే ఎప్పుడొచ్చావని అడిగింది. నిన్ననే వచ్చానని, ప్రయాణం బాగా జరిగిందని, మామిడిపళ్ళు తెచ్చానని మలయాళంలో వివరంగా చెప్పాను. ఆమె శ్రద్ధగా విని, మా అమ్మ వైపు తిరిగి, "ఎవరీ అమ్మాయి? పరాయి ఊరి పిల్ల అయినా మన భాష బాగానే నేర్చుకుంది" అని మెచ్చుకుంది. మా అమ్మ పక్కకు తిరిగి నవ్వు ఆపుకుంటోంది. నాకు తల కొట్టేసినట్టయింది. అయినా ఆ ముసలామె రెండు చేతులూ పట్టుకుని, "థాంక్సండీ" అన్నాను.